కొర్వెల్ కారు కోసం కోనసీమకు

నాకు నిలకడ లేదు. ఇది నేను చెప్పుకునే మాట కాదు, మా ఆవిడ చెప్పేది. అన్నం ముందు కూర్చున్నా నా కాలొకటి గడప వైపే ఉంటుందట. అనంతపురం పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి, వేసవి సెలవుల్లో హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు కదా! ఉండలేదు. ఇక్కడెవరూ పేరు కూడా వినని ఒక ఫ్రెంచి కారును వెతకడానికి గోదావరి జిల్లాలకు బయల్దేరాను. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని" అంటూనే మా ఆవిడ సంచిలో చెనిక్కాయల పొడి పొట్లం పెట్టింది. ఆమెనేం అనగలను? ఆ కారు అసలు ఉందో లేదో అప్పటికి నాకూ తెలియదు.

కారు పేరు కొర్వెల్. ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసుకునే అన్నదమ్ములిద్దరు, మొదటి ప్రపంచయుద్ధానికి కొన్నేళ్ళ ముందు, కార్లు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అది వింత కాదు. ఇప్పుడు మన వీధుల్లో ఇంటర్నెట్ సెంటర్లు లేస్తున్నట్టు అప్పుడు యూరప్‌లో కార్ల కార్ఖానాలు లేచేవి, అంత త్వరగానూ మూతపడేవి. కొర్వెల్ సోదరుల మొదటి మూడు మోడళ్ళూ ఒకే సిలిండరుతో నడిచే చిన్న బళ్ళు. పల్లెల్లో తిరిగే డాక్టర్లు, పశువుల వైద్యులు కొనుక్కునేవారు. ఇంతలో కొండదారిలో బండి పరీక్షిస్తూ తమ్ముడు చనిపోయాడు. అన్న అంత్వాన్ ఒక్కడే మిగిలి, నాలుగు సిలిండర్లతో 'డి' అనే మోడల్ చేస్తానని ప్రకటించాడు. పారిస్ ప్రదర్శనలో దాన్ని పెట్టాడు గానీ బానెట్ ఎత్తి చూపించడానికి ఒప్పుకోలేదు. ఎవరైనా కాపీ కొడతారని భయం. పత్రికలవాళ్ళు ఊరుకుంటారా? లోపల ఇంజనే లేదు, అంతా చెక్క డొల్ల అని రాశారు. ఆ తర్వాత కార్ఖానా మూతపడింది, యుద్ధం వచ్చింది, అంత్వాన్ ఆ యుద్ధంలో పోయాడు. 'డి' కారు ఒక్కటీ రోడ్డెక్కలేదనీ, అంత్వాన్ అబద్ధాలకోరనీ చరిత్రలో స్థిరపడిపోయింది.

అంత్వాన్ మనవడు ఒకాయన ఉన్నారు. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి, డెబ్బై దాటిన వయసు. నేను ఫ్రెంచివాళ్ళ పద్ధతిలో ముస్యు కొర్వెల్ అంటాను. పాత కార్ల పిచ్చివాళ్ళం ఇంటర్నెట్‌లో కలుసుకునే చోట పరిచయమయ్యారు. ఒకే ఒక్క 'డి' బండి తయారైందనీ, కార్ఖానా లెక్కలో దాని నంబరు పదకొండనీ, ఇండియాలో యానాం అనే ఊరి వర్తకుడొకడు తెప్పించుకున్నాడనీ ఆయన నాయనమ్మ చెప్పేదట. ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు ఫ్రాన్సులో వాళ్ళ ఊరివాళ్ళు పాత కార్ఖానా గోడకు ఒక చరిత్ర బోర్డు పెడుతున్నారు. దాని మీద 'డి' గురించి "ఈ కారు ఎన్నడూ తయారు కాలేదు" అని రాయబోతున్నారు. ముస్యు కొర్వెల్ వెళ్ళి పోట్లాడితే, ప్రతి కారుకీ ముందు భాగంలో బిగించే ఇత్తడి పలక ఉంటుంది కదా, దాని మీద 'డి' అనీ, పదకొండనీ ఉన్న ఫోటో తెస్తే మారుస్తామన్నారు. బోర్డు పెట్టే రోజు దగ్గరకొచ్చేసింది. "ఆ బోర్డు నాకంటే ఎక్కువ కాలం బతుకుతుంది" అని ఆయన నాకు రాశారు. ఆ వాక్యం చదివాక నేనిక ఇంట్లో కూర్చోలేకపోయాను.

రాజమండ్రి

రైలు దిగగానే ఒళ్ళంతా తడి. మా అనంతపురం ఎండ కర్ర పుచ్చుకుని కొడుతుంది, నిజమే, కానీ చెమట పట్టనివ్వదు. ఇక్కడి ఎండ తడిగుడ్డలో చుట్టి ఆవిరి మీద పెడుతుంది. చొక్కా వీపుకు అంటుకుపోయి, ఎవరి మీద అరవాలో తెలియక ఆటో అతని మీద అరిచాను, తొందరగా పోనివ్వమని.

"పోనిస్తానండి. కంగారేంటండి బాబూ, గోదారెక్కడికీ పోదు కదండీ" అన్నాడు. మావైపు ఆటోవాడి మీద అరిస్తే "ఏమప్పా, దిగు" అంటాడు. ఇక్కడ ఒక తిట్టుకు మూడు 'అండి'లు బదులొచ్చాయి. కోపం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆ ఊళ్ళో తెలిసింది.

పెసరట్టు తిన్నాను. మా ఊళ్ళో ఉగ్గాని బజ్జీకి అయ్యే డబ్బుకు ఇక్కడ సగం పెసరట్టే వస్తుంది, కానీ దాని కడుపులో ఉప్మా దాచిపెట్టి ఇచ్చారు, పైన అల్లం పచ్చడి. ఆ తర్వాత రోజ్ మిల్క్ ఒక గ్లాసు. చల్లగా, తియ్యగా, గులాబీ రంగులో ఉంటే పిల్లలు తాగేదనుకున్నాను. రెండో గ్లాసు కూడా తాగాను.

పాత మోటారు సామాన్లు అమ్మే ఒక దుకాణంలో విచారించాను. యజమాని నన్ను కిందా మీదా చూసి, కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, నా కథంతా శ్రద్ధగా విన్నాడు. విన్నాక, "ఫ్రెంచి కారాండి? మా దగ్గర ఫ్రెంచి గడ్డం కూడా లేదండి" అన్నాడు. దుకాణంలో అందరూ నవ్వారు. గోదావరి వెటకారం గురించి విన్నాను గానీ, కుర్చీ వేసి మరీ వడ్డిస్తారని తెలియదు. వెళ్ళేటప్పుడు మాత్రం ఒక మాట సాయం చేశాడు. యానాంలో ఫ్రెంచివాళ్ళ కాలపు గుమాస్తా ఒకాయన ఉన్నారనీ, జోసెఫ్ సుబ్బయ్య గారని అడిగితే ఎవరైనా చెబుతారనీ అన్నాడు.

యానాం

మర్నాడు యానాంలో బస్సు దిగి, చేతిలో దాదాపు ఖాళీ సంచితో నిలబడితే, ఒక పెద్దమనిషి దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "ఏ బ్రాండండి?" అని అడిగాడు. నాకర్థం కాలేదు. కారు అన్నాను. ఆయనకూ అర్థం కాలేదు. తర్వాత చూస్తే వీధి పొడవునా మందు షాపులే. అది పుదుచ్చేరి కిందికొచ్చే ఊరు కాబట్టి సరుకు చౌక, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఖాళీ సంచులతో వచ్చేది అందుకేనట. నా సంచి చూసి ఊరంతా నన్నొక తాగుబోతుగా లెక్కకట్టేసింది.

జోసెఫ్ సుబ్బయ్య గారు ఎనభై దాటినా వెన్ను వంచని మనిషి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. నన్ను చూడగానే ఫ్రెంచిలో పలకరించారు. నాకు రాదనగానే, "పోన్లెండి, తెలుగు కూడా మంచి భాషే" అన్నారు.

ఆయన కథ మొదలుపెడితే భోజనం వేళ అయింది. భోజనం వడ్డిస్తే కథ ఆగింది. చేపల పులుసు, మాగాయ, గడ్డపెరుగు. కాళ్ళు నిలవని నేను విస్తరి ముందు బందీనైపోయాను. 'చాలండి' అంటే ఇంకొంచెం అని అర్థం చేసుకునే ఇల్లది. మావైపు సంగటి ముద్ద పెట్టి, కావాలంటే అడుగుతాడులే అని వదిలేస్తారు. ఇక్కడ అడగకముందే వడ్డిస్తారు, వద్దన్నాక మళ్ళీ వడ్డిస్తారు.

చివరికి ఆయన చేతులు తుడుచుకుని చెప్పారు. "కారు వచ్చిన మాట నిజమండి. మా నాన్నగారు ఓడరేవులో గుమాస్తా. పెట్టె విప్పినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. పాండిచ్చేరి దాకా పెద్ద ఓడలో, అక్కణ్ణుంచి ఇక్కడికి చిన్న ఓడలో వచ్చింది. వర్తకుడు సరదాగా తెప్పించుకున్నాడు, రోడ్డు ఎక్కడుందండి నడపడానికి? ఏడాది తిరక్కుండా కోనసీమలో ఒక భూస్వామికి అమ్మేశాడు. ఆయన తన కూతురి పెళ్ళికి అరణంగా ఇచ్చాడు."

"ఇంజనుకు ఎన్ని సిలిండర్లో మీ నాన్నగారు చెప్పారా?" అన్నాను.

"నాలుగని చెప్పేవారు. కానీ నేను చూశానా ఏంటి? కొన్నేళ్ళకి పార్టులు దొరక్క, కంపెనీయే మూసేశారని తెలిసి, ఇంజను పీకి ఒక లాంచీకి బిగించారు. తుఫానులో లాంచీ మునిగిపోయింది. ఇంజను ఇంకా గోదారి అడుగునే ఉండుంటాది."

ఇంజను ఉంటే వేరే రుజువే అక్కర్లేదు, బానెట్ ఎత్తి ఫోటో తీస్తే చాలు. అంత్వాన్ తన 'డి' కారుకు కొత్త ఇంజను చేశాడు గానీ, కింద ఫ్రేము మాత్రం పాత 'సి' మోడల్‌దే వాడాడు. ఇంజను పోతే మిగిలిన బండి 'సి'నో 'డి'నో ఎవడు చెప్పగలడు? ఇత్తడి పలక ఒక్కటే చెప్పగలదు. "మిగతా బండైనా ఉందా?" అన్నాను.

"ఎందుకు లేదండి? మొన్నటి మాఘంలో కూడా పెళ్ళికి కట్టేరు" అన్నారాయన, అదేదో అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు.

కారును పెళ్ళికి 'కట్టడం' ఏమిటో అడగడానికి కూడా నేనాగలేదు. ఊరి పేరు రాసుకుని రేవుకు పరుగెత్తాను.

పంటు మీద

యానాం నుంచి అవతలి ఒడ్డుకు వంతెన ఇంకా కడుతున్నారు. అప్పటిదాకా పంటే దిక్కు. రెండు పడవలు జతకట్టి పైన బల్లలు పరిస్తే అది పంటు. మనుషులు, మోపెడ్లు, మేకలు, కొబ్బరికాయల బస్తాలు, అన్నీ దాని మీదే. నేనెక్కి నిలబడ్డాను. పంటు కదలదు. అంతా ఎక్కేశారు, ఇంకా కదలదు. బ్యాండుమేళం వాళ్ళు వస్తున్నారట, వాళ్ళ కోసం ఆగారు.

"మేళం కోసం నదిని ఆపుతారా?" అని పంటు నడిపే అతని మీద విరుచుకుపడ్డాను.

"నదినెవరు ఆపుతారండీ? పంటునే కదండీ" అన్నాడు. "మేళం లేకపోతే పెళ్ళి ఆగిపోద్దండి. మీరు లేకపోతే ఏం ఆగుద్దండి?"

నిజానికి ఆగేది ఒకటుంది. ఫ్రాన్సులో ఒక గోడ మీద ఒక వాక్యం మారడం ఆగుతుంది. అది అతనికి ఎలా చెప్పను? నోరు మూసుకుని పంటు అంచున పచార్లు చేశాను. నా తిరుగుడు చూడలేక ముంజలమ్మే ముసలమ్మ ఒకత్తె నన్ను కూర్చోబెట్టి ముంజె ఒలిచిచ్చింది. బొటనవేలితో పొడిచి తాగాలని తెలియక నేను కొరికాను, నీళ్ళన్నీ చొక్కా మీద పడ్డాయి. "మీవైపు తాటిచెట్లుండవా బాబూ?" అంది జాలిగా. ఉంటాయి గానీ, వాటి కింద కూర్చునే తీరిక నాకే లేదన్నాను.

చివరికి మేళం ఎక్కింది, పంటు కదిలింది. ఈ నీళ్ళ మీదే, ఇలాగే జతకట్టిన పడవల మీద, ఆ కొర్వెల్ కూడా దాటి ఉండాలి. పంటు ఎంత మెల్లిగా పోతోందో! ఈదుకుంటూ పోదామనిపించింది, ఈత రాదు గనక ఊరుకున్నాను.

పేరు రాయని ఊరు

ఆ ఊరి పేరు రాయనని మాటిచ్చాను. రాస్తే పాత కార్ల బేరగాళ్ళు వాలిపోతారని ఆ ఇంటి యజమాని సూర్యారావు గారి భయం. కొబ్బరితోటల మధ్య పెంకుటిల్లు, పక్కన కొబ్బరాకుల పాక. సూర్యారావు గారికి అరవై ఉంటాయి. భార్య సత్యవతి గారు. నేనొచ్చిన పని చెప్పగానే ఆయన నవ్వి, "రేపే పెళ్ళుందండి, సరిగ్గా టైముకొచ్చేరు" అని పాకలోకి తీసుకెళ్ళారు.

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక చూశాను. కారు! నాలుగు చక్రాలు, చక్రాలకు కొయ్య ఆకులు, పైన స్థానికుడెవరో కట్టిన కొయ్య బాడీ, దానికి ఆకుపచ్చ ఎనామెల్ రంగు. ఇంజను ఉండాల్సిన చోట ఖాళీ. ముందు పొడుగాటి కాడి. అప్పుడర్థమైంది 'కట్టడం' అంటే. ఇంజను పోయినప్పట్నుంచీ దీనికి ఎడ్లు కట్టి పెళ్ళి ఊరేగింపులు చేస్తున్నారు.

నేను నేల మీద బోర్లా పడి ఫ్రేము చూశాను. తట్టి చూశాను, కొలిచి చూశాను. అనుమానం లేదు. ముస్యు కొర్వెల్ పంపిన బొమ్మల్లో ఉన్నదే, కొర్వెల్ ఫ్రేమే. అరిచేశాను! సూర్యారావు గారు తేలు కుట్టిందేమోనని పరుగెత్తుకొచ్చారు.

ఇక పలక. ముందు భాగాన, రేడియేటరు ఉండాల్సిన చోటికి పైన, అద్దంలా మెరుస్తోంది. దగ్గరకెళ్ళి చూశాను. దాని మీద చుక్కచుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాల్లో 'సూరమ్మ' అని ఉంది, పక్కన చిన్న పువ్వు. అంతే. ఫ్రెంచి అక్షరం లేదు. నంబరు లేదు.

"ఏదండీ ఇక్కడుండే రాత?" అన్నాను.

"ఏదో ఇంగ్లీషు రాతలు ఉండేవంటారండి" అన్నారు సత్యవతి గారు. "ప్రతి పెళ్ళికీ చింతపండేసి తోముతాం కదా, మా అత్తగారు, వాళ్ళ అత్తగారు, ఇప్పుడు నేను. అరిగిపోయాయి. పలక బోడిగా ఉంటే బాగోలేదని మా అత్తగారు వాళ్ళ అత్తగారి పేరు కొట్టించారు. ఈ కారు ఆవిడ అరణమే కదా. బిందె మీదైనా చెంబు మీదైనా పేరుండాలి, లేకపోతే పెళ్ళిళ్ళలో మారిపోవూ?"

"ఆఁ, మారిపోద్ది మరి. ఊళ్ళో ఇలాంటివి ఇంకో ఇరవై ఉన్నాయి కదా" అన్నారు సూర్యారావు గారు.

నాకు నవ్వు రాలేదు. "ఎందుకు తోమారండీ? ఎవరు తోమమన్నారు మిమ్మల్ని?" అని కేకలేశాను. పరాయి ఇంట్లో, పెద్దావిడ మీద. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"చిలుం పట్టిన బండిలో పెళ్ళికూతుర్నెలా ఎక్కిస్తాం బాబూ?" అంది మెల్లిగా.

సిగ్గేసింది. క్షమించమని అడిగి, అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పాను. అన్నదమ్ములు, ప్రదర్శన, చెక్క డొల్ల, బోర్డు, ముసలాయన. సత్యవతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో, మేం ఆయన పేరు తుడిచేశామా అయితే?" అంది.

సూర్యారావు గారు లేచి, స్క్రూడ్రైవరు తెచ్చి, పలక విప్పి నా చేతిలో పెట్టారు. వెనకవైపు ఖాళీగా ఉంది. "పొద్దున్నే అమలాపురం వెళ్దాం మాస్టారూ. పేర్లు కొట్టే వీర్రాజున్నాడు, భూతద్దంతో చూస్తాడు. గీత మిగిలినా పడతాడు" అన్నారు.

అమలాపురం

దారిలో అంబాజీపేటలో ఆగి పొట్టిక్కలు తిందామన్నారు సూర్యారావు గారు. వద్దన్నాను, వినలేదు. పనసాకులు బుట్టల్లా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడతారు. ఆకు ఒలిస్తే లోపలి ఇడ్లీకి ఒక వాసన అంటుకుని ఉంటుంది. ఆ తొందరలోనూ నాకది బాగుందంటే మీరే ఊహించుకోండి.

వీర్రాజు స్టీలు సామాన్ల దుకాణం ముందు చిన్న బల్ల వేసుకుని, ముందు సూర్యారావు గారు పెళ్ళికూతురి కోసం కొన్న బిందె మీద పేరు కొట్టాడు. గోదావరి జిల్లాల్లో పెళ్ళికిచ్చే గిన్నె మీద ఇచ్చినవాళ్ళ పేరో, పుచ్చుకున్నవాళ్ళ పేరో లేకుండా ఉండదు. తర్వాత నా పలకను భూతద్దం కింద పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏం లేదండి. శుభ్రంగా అరిగిపోయింది" అన్నాడు. నా ముఖం చూసి, "అయినా ఏం రాతుండాలో మీకు తెలుసా?" అన్నాడు.

తెలుసన్నాను. 'డి', పదకొండు.

"మరింకేంటండి? వెనకవైపు ఖాళీయే కదా. అదే కొట్టేస్తాను. ఆ దేశపు అక్షరం ఎలా ఉంటాదో కాగితం మీద గీసివ్వండి. ఉప్పూ చింతపండూ పట్టించి ఎండలో పెడితే వందేళ్ళ నాటిదానిలా అయిపోద్ది. పేరైనా నంబరైనా మాకొకటే కదండీ."

సూర్యారావు గారు నా వైపు చూశారు.

నిజం చెబుతున్నాను, నాకది మోసంలా అనిపించలేదు. కారు నిజం. సుబ్బయ్య గారి నాన్న నిజం. నంబరు పదకొండన్నది నిజం. తుడిచేసిన నిజాన్ని తిరిగి రాయడంలో తప్పేముంది? జేబులోంచి ముస్యు కొర్వెల్ పంపిన పాత పలక బొమ్మ తీసి వీర్రాజు ముందు పెట్టాను. అతను ఉలి తీశాడు. అప్పుడెందుకో, ఆ ముసలాయన గొంతు ఒకసారి వినాలనిపించింది. ఒక్క నిమిషం ఆగమని చెప్పి పక్కనే ఉన్న ఐఎస్‌డీ బూత్‌లో దూరాను.

ఫోను మోగీ మోగగానే ఎత్తారు. ఆయనా నాలాంటివారే, ఫోను పక్కనే కాచుకుని ఉన్నారు. ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. కారు దొరికిందన్నాను. అవతల ఉలుకూ పలుకూ లేదు. లైను తెగిందేమోనని "హలో, హలో" అని అరిచాను.

"ఉన్నాను. చెప్పండి" అన్నారు.

చెప్పాను. ఎడ్లు, పెళ్ళిళ్ళు, చింతపండు, సూరమ్మ పేరు. పలక మీద ఏమీ మిగల్లేదన్నాను. ఆయన ఏదో అనబోతుంటే అడ్డుపడి, "కంగారు పడకండి. నంబరు మనకు తెలుసు. ఇక్కడ ఒకతను ఉన్నాడు, అచ్చం పాతదానిలా చేసేస్తాడు. రేపటికి ఫోటో పంపిస్తాను. మీ బోర్డు మారుతుంది" అన్నాను.



"మిత్రమా, మా తాతను వాళ్ళు అబద్ధాలకోరన్నారు" అన్నారాయన. "ఇన్నేళ్ళూ వాళ్ళన్నది తప్పు. మీరు ఆ నంబరు కొట్టించారంటే, ఇవాళ్టి నుంచి అది ఒప్పవుతుంది."

బూత్ అద్దంలోంచి బయటికి చూస్తే వీర్రాజు ఉలి పట్టుకుని నా సైగ కోసం ఎదురుచూస్తున్నాడు. వద్దని చెయ్యూపాను. అతను భుజాలెగరేసి ఉలి కింద పెట్టాడు.

"పెళ్ళెప్పుడన్నారు?" అని అడిగారు ముస్యు కొర్వెల్.

ఇవాళ సాయంత్రమేనన్నాను.

"అయితే ఉండండి. చూసి, నాకు చెప్పండి" అన్నారు. ఫోను పెట్టేసే ముందు ఆయన ఏడ్చారనుకుంటాను. నేనైతే ఏడ్చాను, బూత్ నడిపే అమ్మాయి చూస్తుండగానే.

పెళ్ళి

మేమొచ్చేసరికి సత్యవతి గారు పాకలో గిన్నెలో చింతపండు నానబెట్టుకుని కూర్చుని ఉంది. కానీ తోమట్లేదు. పలక ఉండాల్సిన చోట ఖాళీ చూసుకుంటూ కూర్చుంది. నేను స్క్రూలు పెట్టి పలక బిగించాను, సూరమ్మ పేరు ముందుకు వచ్చేలాగే. ఆవిడ నా వైపు చూసి గిన్నె వెనక్కి లాక్కుంది.

"తోమమంటారా, వద్దంటారా?" అంది.

"కాస్త నాకూ ఇవ్వండమ్మా" అన్నాను. ఇద్దరం కలిసి తోమాం. పలక ఆవిడ తోమింది, దీపాలు నేను తోమాను. మా ఇంట్లో చెంబు కూడా తోమి ఎరగను, మా ఆవిడ ఇది చదివి నమ్మదు.

పెళ్ళి పేటలోని లూథరన్ చర్చిలో. పెళ్ళికూతురు రత్నకుమారి, కూలిపనులకు వెళ్ళే ఇంటి పిల్ల. "మా మావగారి రోజుల్లో ఈ బండి అందరికీ ఇచ్చేవారు కాదులెండి. మా ఆయన పెత్తనం వచ్చాకే ఇస్తున్నాం" అని సత్యవతి గారు దాచకుండా చెప్పారు. చర్చి గుమ్మం ముందు కారు నిలబడింది, కొమ్ములకు రంగులేసిన ఎడ్లతో. తెల్లచీర కట్టుకున్న పిల్లా, బిగుసుకుపోయిన కోటు వేసుకున్న పిల్లాడూ ఎక్కారు. బ్యాండు మోగింది. చూద్దును కదా, పంటు ఆపించిన మేళమే!

ఊరేగింపు కదిలింది. ఎడ్ల నడక ఎంతో కారు వేగం అంత. నేను పక్కన నడిచాను. ప్రతి గుమ్మం ముందూ ఆగడమే, ప్రతి ఇంటివాళ్ళూ బయటికొచ్చి చూడటమే. ముందుకు తోసేద్దామని చెయ్యి వెయ్యలేదు, గడియారం చూసుకోలేదు. పెళ్ళికూతురి తల్లి నా పక్కకొచ్చి, "మీరేనంటగా ఈ బండి సంగతి తెలిసినోరు? ఎవరు చేశారండి దీన్ని?" అని అడిగింది.

"అంత్వాన్ కొర్వెల్ అనే ఆయన" అన్నాను. "ఫ్రాన్సు దేశం."

"కలకాలం ఉండేలా చేశాడమ్మా మహానుభావుడు" అని ఆవిడ పక్కావిడకు చెప్పింది. పక్కావిడ ఇంకొకామెకు చెప్పింది. వీధి చివరికి చేరేసరికి ఆ పేరు ఎన్ని వంకర్లు పోయిందో!

కింది ఫ్రేముతో సహా బండీ, ఎడ్లూ, పెళ్ళివాళ్ళూ పడేలా నేనొక్క ఫోటో తీశాను.

ఇంటికొచ్చాక

ఆ ఫోటో ముస్యు కొర్వెల్‌కు పంపాను. ఆయన దాన్ని బోర్డు వేసేవాళ్ళకు చూపించారు. ఫ్రేము కొర్వెల్‌దే అని ఒప్పుకున్నారు గానీ, నంబరు లేనిదే 'డి' అని రాయలేమన్నారు. వాళ్ళ లెక్కలో వాళ్ళది న్యాయమే. ఆ పాత వాక్యంతోనే బోర్డు పెట్టేశారు.

కొన్నాళ్ళకు అక్కణ్ణుంచి నాకూ ఒక ఫోటో వచ్చింది. ఇటుక గోడకు కొత్త బోర్డు. దాని పక్కన సన్నగా, పొడుగ్గా ఒక ముసలాయన నిలబడి ఉన్నారు. ఆయన్ని చూడటం నాకదే మొదలు. నేను పంపిన ఫోటోను పెద్దది చేయించి, రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకున్నారు, బోర్డు చదవడానికి వచ్చే ప్రతివాడికీ కనిపించేలా. రోజూ పొద్దున్నే వెళ్ళి కాసేపు అలా నిలబడుతున్నారట.